మహిమా ధర్మం: ఒక కొత్త మతాన్ని చదివిన తీరులు

1881 మార్చి 1వ తేదీన పూరీ జగన్నాథాలయంలోకి ఒక చిన్న గుంపు చొరబడింది. పన్నెండుగురు మగవారు, ముగ్గురు ఆడవారు. సంబల్‌పూర్ ప్రాంతం నుంచి నడిచి వచ్చిన పేదలు. ఒంటిమీద బట్ట అంతంత మాత్రం, చేతుల్లో వండిన అన్నం కుండలు. జగన్నాథ, బలభద్ర, సుభద్రల మూర్తులను బయటికి తెచ్చి దారిలో తగలబెట్టమని తమ గురువు ఆజ్ఞాపించాడని వారు చెప్పినట్టు అధికారులు రాసుకున్నారు. గుడిలో జరిగిన తోపులాటలో దాసారాం అనే అతను రాతినేల మీద పడి చనిపోయాడు. మిగిలినవారికి జైలుశిక్ష పడింది. మూర్తులకు ఏమీ కాలేదు.

మహిమా ధర్మం అనే మతాన్ని గురించి బయటి ప్రపంచం ఎక్కువగా చదివిన సంగతి ఇదే. అప్పటికి ఆ మతం ఇరవై ఏళ్ళకు తక్కువ కాకుండా ఒడిశా సంస్థానాలలో ఊరూరా పాకుతున్నది. ఆ ఇరవై ఏళ్ళలో దాన్ని గురించి పెద్దగా విచారించినవారు లేరు. ఒక్కరోజు అలజడి జరిగాక మాత్రం కమిషనర్లు, డిప్యూటీ కమిషనర్లు, సంస్థానాల పర్యవేక్షకులు ఒకరినొకరు నివేదికలు అడిగారు. ఆ నివేదికల సారమే 1882లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ కార్యకలాపాల సంపుటంలో వ్యాసంగా అచ్చయింది. అంటే ఈ మతాన్ని చదవటం మొదలైంది నేరవిచారణతో. ఏ మతశాఖను చదివే విద్యార్థి అయినా ముందు పెట్టుకోవలసిన ప్రశ్న, ఈ కాగితం ఎవరు, ఎందుకు రాశారు అన్నది. మహిమా ధర్మం విషయంలో ఈ ప్రశ్న వేసుకోకపోతే ఒక్క అడుగు కూడా ముందుకు పడదని మా అభిప్రాయం.

బరంపురం, జయపురం, రాయగడ ప్రాంతాల తెలుగు విద్యార్థులకు ఇది పరాయి విషయం కాదు. నేటి కోరాపుట్ ప్రాంతం, గంజాం 1936 దాకా మద్రాసు రాజధానిలోనివే. జయపురం సంస్థానమైతే విశాఖపట్నం జిల్లాలో భాగం. సంబల్‌పూర్ 1905 వరకు సెంట్రల్ ప్రావిన్సుల కింద నాగపూరుకు జవాబు చెప్పేది. ఢెంకానాల్ వంటి సంస్థానాల వ్యవహారం కటకం మీదుగా కలకత్తాకు పోయేది. ఒకే మతం మూడు పరిపాలనల మధ్య చీలి ఉంది. నాగపూరుకు కనిపించినది కలకత్తాకు కనిపించలేదు. మద్రాసుకు కనిపించినది మరీ తక్కువ.

ఇంతకూ ఆ మతం ఏమిటి? మహిమాస్వామి అనే సన్యాసి 1826లో పూరీలో ప్రత్యక్షమయ్యాడని భక్తుల సంప్రదాయం. ఆయన తల్లిదండ్రులెవరో, పుట్టిన ఊరేదో వారు చెప్పరు. పరబ్రహ్మమే అలా దిగివచ్చిందని వారి నమ్మకం కాబట్టి ఆ ప్రశ్నే వారికి పొసగదు. పూరీలో దుమ్ములో పడుకునేవాడు గనుక ధూళియా గోసాయి అన్నారట. తరువాత ఢెంకానాల్ దగ్గరి కపిలాస్ కొండమీద పండ్లు మాత్రమే తింటూ పన్నెండేళ్ళు తపస్సు చేశాడంటారు. 1860ల నుంచి ఆయన బోధ ఊళ్ళకు చేరింది. 1876లో ఢెంకానాల్ సంస్థానంలో దేహం చాలించాడు. ఒక్క అక్షరం కూడా రాసి ఉంచలేదు.

దేవుడు ఒక్కడే. అతను అలేఖుడు, అంటే రాతకు అందనివాడు. శూన్యుడు, రూపం లేనివాడు. విగ్రహం వద్దు, గుడి వద్దు, పూజారి వద్దు, తీర్థయాత్ర వద్దు. తెల్లవారుజామున స్నానం చేసి తూర్పు ముఖంగా సాష్టాంగపడాలి, మళ్ళీ సాయంత్రం పడాలి. దీన్ని శరణదర్శనం అంటారు. పొద్దుగుంకిన తరువాత ఏమీ తినరాదు. తోటి భక్తులతో కులం చూడకుండా తినాలి. సన్యాసి ఒక ఊళ్ళో ఒక రాత్రి కంటే ఎక్కువ ఉండరాదు. వండిన అన్నమే భిక్షగా పుచ్చుకోవాలి. ఐతే రాజు, బ్రాహ్మణుడు, క్షురకుడు, రజకుడు పెట్టేది ముట్టరాదు. ఈ చివరి నియమం మీద చాలామంది తడబడ్డారు. కులం లేదంటూ నలుగురిని వెలివేయటమేమిటని ప్రశ్న. రాజుదీ పురోహితుడిదీ అధికారం, మిగిలిన ఇద్దరిదీ పుట్టుక చావుల మైల తీసే వృత్తి. శుభాశుభాల తంతు మొత్తం ఈ నలుగురి చేతుల మీదుగా నడుస్తుంది. ఆ తంతునే కాదన్న మతం ఆ నలుగురి అన్నాన్ని కాదనటంలో ఒక తర్కం ఉన్నదని మాకు తోస్తుంది. ఆ తర్కం భారం మాత్రం రాజుమీద కంటే క్షురకుడి మీదే ఎక్కువ పడి ఉంటుంది.

వీరిలో సన్యాసులు రెండు తెగలు. కుంభి అనే చెట్టు బెరడును నారబట్టగా కట్టుకునేవారు పై మెట్టువారు, వల్కలధారులు. గుడ్డ కౌపీనం పెట్టుకునేవారు రెండవవారు. గృహస్థులను ఆశ్రితులంటారు. అధికారుల కంట ముందు పడింది ఆ బెరడే. అందుకే ప్రభుత్వ కాగితాలలో మొత్తం మతానికే కుంభిపటియా అనే పేరు స్థిరపడింది. వారు తమను తాము చెప్పుకునే పేరు సత్య మహిమా ధర్మం. మన దేశంలో మతశాఖల పేర్లు సగం ఇలా ఎదుటివారు పెట్టినవే. పేరు పెట్టినవాడికి ఏది వింతగా కనిపించిందో ఆ పేరులో తెలుస్తుంది గాని, పేరు మోసేవాడు దేన్ని ప్రాణంగా చూసుకుంటాడో తెలియదు.

ఈ మతం విస్తరించిన కాలాన్ని కూడా గమనించాలి. 1866 నాటి ఒరిస్సా కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు. మూడింట ఒకవంతు జనం పోయారని లెక్క. గంజాం కూడా ఆ కరువు దెబ్బ తిన్నదే. అన్నసత్రాలలో కులం చూడకుండా వడ్డించిన గంజి తాగి బతికినవారిని ఊళ్ళు తిరిగి కలుపుకోలేదు. సత్రం తిండి తిన్నవారు అనే అర్థంలో ఛత్రఖియా అని పేరు పెట్టి వేరే కులంగా నిలబెట్టాయి. ఒకచోట కలిసి తిన్న నేరానికి బతికినవారిని వెలివేస్తున్న ఆ దశకంలోనే, కలిసి తినటమే ధర్మం అని చెప్పే సన్యాసి ఊరూరా తిరిగాడు. రెంటికీ నేరుగా ముడివేసే పత్రం ఏదీ మా చేతిలో లేదు కాబట్టి ఇది కారణం అని రాయటం లేదు. కాని ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టకుండా చదవటం కూడా పొరపాటే.

నేరవిచారణ తరువాత వచ్చినది మూలాన్వేషణ. 1911లో వంగ పండితుడు నగేంద్రనాథ వసు మయూర్‌భంజ్ సంస్థాన పురాతత్త్వ పరిశోధనలో భాగంగా, ఒరిస్సాలో ఆధునిక బౌద్ధం గురించి ఒక గ్రంథం వెలువరించాడు. మహిమా ధర్మం వారు మారువేషంలో ఉన్న బౌద్ధులే అని ఆయన సిద్ధాంతం. దానికి పీఠిక రాసింది హరప్రసాద శాస్త్రి. బెంగాల్‌లోని ధర్మ ఠాకూరు పూజలో బౌద్ధం ఇంకా బతికి ఉందని అంతకుముందే వాదించిన పండితుడు ఆయన. శూన్యం అనే మాట వినపడగానే వీరికి బౌద్ధం గుర్తుకు రావటం సహజం. ఐతే ఒడియా భాషలో ఆ మాటకు అప్పటికే మూడు వందల ఏళ్ళకు పైబడిన మరో జీవితం ఉంది. పదహారవ శతాబ్దపు పంచసఖులు, అంటే బలరామదాసు, జగన్నాథదాసు, అచ్యుతానందుడు, యశోవంతుడు, అనంతుడు, వైష్ణవులుగా ఉంటూనే శూన్యపురుషుణ్ణి కొలిచారు. మహిమాస్వామి శ్రోతలు ఈ మాటను భాగవతం గదులలో విని ఉన్నవారే గాని పాలీ గ్రంథాలలో చదివినవారు కారు. వసు సేకరించిన సామగ్రి విలువైనది. తీర్పు మాత్రం ఆయన వెంట తెచ్చుకున్నది.

1970లలో జర్మనీలోని హైడల్‌బర్గ్ విశ్వవిద్యాలయం వారు ఒరిస్సా మీద చేసిన పరిశోధనతో మూడవ తీరు వచ్చింది. అన్‌షార్లట్ ఎష్‌మన్ అనే పండితురాలు మహిమా ధర్మాన్ని ఈ నేలలోనే మొలిచిన హిందూ సంస్కరణోద్యమం అన్నది. ఆమె వ్యాసం 1978లో వెలువడిన జగన్నాథ సంప్రదాయ సంపుటంలో ఉంది. పందొమ్మిదవ శతాబ్దంలో విగ్రహారాధనను కాదన్న ఉద్యమం అనగానే బ్రహ్మసమాజం తలపుకు వస్తుంది. ఇంగ్లీషు చదువు, మిషనరీల విమర్శ, పట్నపు పెద్దమనుషులు అన్నీ కలిసిన చిత్రం అది. మహిమా ధర్మంలో ఇవేవీ లేవు. ఇది కొండజాతుల, చిన్న కులాల మధ్య, అడవి సంస్థానాలలో పెరిగింది. సంస్కరణ అంటే కలకత్తా నుంచి రైల్లో దిగేదే అన్న భ్రమను ఆమె వ్యాసం పోగొట్టింది. తరువాత ఇషితా బెనర్జీ-డూబే 2007లో వెలువరించిన గ్రంథంలో 1860 నుంచి 2000 దాకా ఈ మతం కథను, దాని కోర్టు వ్యాజ్యాలను, భక్తులు చెప్పుకునే కాలగణనను కలిపి పరిశీలించింది. చెప్పుకునే కథలను కూడా పత్రాలతో సమానంగా చదవాలన్నది ఆ గ్రంథం నుంచి మేము నేర్చుకున్న పాఠం.

అలాంటి కథ ఒకటి పూరీ సంఘటనకు నేరుగా సంబంధించినది. మహిమాస్వామికి మొదటి శిష్యుడు గోవిందబాబా. ఆయన మరెవరో కాదు, పూరీని విడిచి వచ్చిన జగన్నాథుడేనని భక్తులు చెప్పుకుంటారు. దేవుడే గుడి వదిలి గురువు పాదాల దగ్గరికి వచ్చేశాడు. అక్కడ మిగిలినది కొయ్య. ఈ కథ విన్న తరువాత 1881 నాటి నివేదికను మళ్ళీ చదివితే ఆ పదిహేనుమంది వేరుగా కనిపిస్తారు. వారు జగన్నాథుణ్ణి ధ్వంసం చేయటానికి వచ్చినట్టు కలెక్టరు రాసుకున్నాడు. వారి లెక్కలో జగన్నాథుడు అక్కడ లేడు. ఇది మా ఊహే గాని దాసారాం నోటిమాట కాదు. అతని మాటను రాసి ఉంచినవారు లేరు. ఇంకొకటి, వారు చెప్పిన గురువాజ్ఞ నాటికి గురువు పోయి ఐదేళ్ళు. ఈ దాడికి మతపెద్దల అనుమతి ఉన్నదనటానికి కూడా ఆధారం లేదు.

ఈ ధర్మానికి అక్షరరూపం ఇచ్చినవాడు భీమభోయి. రేఢాఖోల్ ప్రాంతంలో 1850 ప్రాంతాన పుట్టాడని, కంధుడని, పుట్టుగుడ్డి అని, నోటితో చెబుతుంటే నలుగురు లేఖకులు నాలుగు పద్యాలు ఏకకాలంలో రాసుకునేవారని ప్రతీతి. పుట్టిన ఏడాది మీద, చూపు మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. గుడ్డివాణ్ణి అని కవి చెప్పుకుంటే అది కంటి సంగతో జ్ఞానం సంగతో తేల్చటం కష్టం. స్తుతి చింతామణి, బ్రహ్మనిరూపణ గీత, నిర్వేద సాధన వంటి రచనలు ఒడియా సాహిత్యంలో నిలిచిపోయాయి. సోన్‌పూర్ దగ్గరి ఖలియాపాలిలో ఆశ్రమం పెట్టి, 1895లో అక్కడే కన్నుమూశాడు. పూరీ దాడికి నాయకుడు భీమభోయే అని లోకంలో గట్టి నమ్మకం ఉంది. ప్రభుత్వ కాగితాలలో మాత్రం ఆయన పేరు లేదు. కవిగా పేరు పొందినవాడి లెక్కలోకి దాడి చేరింది, చచ్చిపోయినవాడి పేరు వెనక్కు పోయింది. జ్ఞాపకం పని చేసే పద్ధతి ఇది. విద్యార్థి దాన్ని అబద్ధమని కొట్టిపారేయకుండా, ఎప్పటినుంచి ఎవరు అలా చెబుతున్నారో వెతకాలి.

మన విద్యార్థులు ఇక్కడ వెంటనే పోతులూరి వీరబ్రహ్మంగారిని పక్కన నిలబెడతారని మాకు తెలుసు. అటు చేతివృత్తులవారి నుంచి వచ్చిన గురువు, దూదేకుల సిద్దయ్య వంటి శిష్యులు, కాలజ్ఞానం. ఇటు కంధ కవి, మాలికలు అనే భవిష్యవాణి రచనలు. పోలిక అందంగా ఉంది. ఐతే పోలిక ఉన్నంత మాత్రాన ఒకటి మరొకదాని నుంచి పుట్టినట్టు కాదు. ఇరువైపులా ఒకే రకం బాధ ఉంటే ఒకే రకం మాట పుట్టవచ్చు. పోలికను ప్రశ్నగా వాడుకోవాలి, జవాబుగా కాదు.

ఇక పరిభాష సంగతి. మన పాఠ్యగ్రంథాలలో సెక్టు, కల్టు అనే మాటలు విడివిడిగా కనిపిస్తాయి, అర్థం మాత్రం కలిసిపోయి ఉంటుంది. 1912లో జర్మన్ పండితుడు ఎర్న్‌స్ట్ ట్రోల్చ్, మాక్స్ వెబర్ ఆలోచనను అందుకుని, పుట్టుకతో సభ్యత్వం వచ్చేది చర్చి అనీ, ఎంచుకుని చేరేది సెక్టు అనీ విడదీశాడు. 1932లో అమెరికాలో హోవర్డ్ బెకర్ ఈ వరుసకు కల్టును చేర్చాడు. 1978 నవంబరులో గయానాలోని జోన్స్‌టౌన్‌లో ఒక అమెరికన్ ప్రచారకుడి అనుచరులు తొమ్మిది వందలమందికి పైగా చనిపోయాక, పత్రికల చేతిలో కల్టు అంటే ప్రమాదం అనే అర్థమే మిగిలింది. అందుకే పండితులు చాలామంది ఆ మాట మాని, కొత్త మతోద్యమాలు అంటున్నారు. లండన్‌లో ఐలీన్ బార్కర్ ఒక కొరియా మతశాఖలో చేరినవారిని ఏళ్ళ తరబడి పరిశీలించి 1984లో గ్రంథం ప్రచురించింది. అక్కడి శిబిరాలకు వెళ్ళినవారిలో అత్యధికులు అసలు చేరనే లేదని ఆమె చూపించింది. మెదళ్ళు కడిగేస్తారన్న ప్రచారానికి అంతకంటే గట్టి సమాధానం రాలేదు.

ఈ మాటలను మన దేశానికి తెచ్చినప్పుడు చిక్కు ఒకటి ఉంది. సెక్టు అంటే చర్చి నుంచి విడిపోయినది. విడిపోవటానికి మనకు చర్చి ఏది? సంప్రదాయం అంటే గురువు నుంచి శిష్యుడికి వచ్చేది, దేని నుంచో తెగిపోయినది కాదు. మహిమా ధర్మం గుడిని కాదన్నది, అయినా జగన్నాథుణ్ణి శిష్యుడిగా తనతోనే ఉంచుకున్నది. దీన్ని సెక్టు అంటే సగం సరిపోతుంది. వెబర్ చెప్పిన మరో మాట మాత్రం దీనికి చక్కగా అమరుతుంది. గురువు బతికి ఉండగా ఆయన మహత్తే చట్టం. ఆయన పోయాక అది పీఠంగా, పదవిగా, ఆస్తిగా మారక తప్పదు. జొరందాలో గురువు సమాధి చుట్టూ మందిరాలు లేచాయి. గుడి వద్దన్నవారికి శూన్యమందిరం వచ్చింది. వల్కలధారులకు, కౌపీనధారులకు మధ్య ఆధిక్యం తగాదా వచ్చి అది ఇంగ్లీషు కోర్టుల దాకా పోయింది. రాజు అన్నం ముట్టరాదన్న సన్యాసులు రాజుగారి న్యాయస్థానంలో వకీళ్ళను పెట్టుకున్నారు. కోర్టుకు కావలసింది లిఖిత ప్రమాణం. ఇరవయ్యవ శతాబ్దంలో విశ్వనాథబాబా ఈ ధర్మానికి చరిత్ర, సిద్ధాంత గ్రంథాలు రాసి, వేదాంతంతో దీనికి పొత్తు కుదిర్చాడు. రాతకు అందని దేవుడికి ఇలా రాత వచ్చింది.

ఖలియాపాలి దారి వేరు. భీమభోయి గృహస్థుగా బతికాడు, అన్నపూర్ణ అనే స్త్రీ ఆయన ఆశ్రమంలో గౌరవస్థానంలో ఉన్నది. జొరందాలో సన్యాసం మగవారిదే. కవి పాటలు లేనిదే జొరందాకు పూట గడవదు, కవి జీవితాన్ని మాత్రం అది పూర్తిగా అంగీకరించలేదు.

కోరాపుట్ కొండలలో మరొకటి జరిగింది. అక్కడి గురుమాయిలు, అంటే దేవత ఒంటిమీదికి వచ్చే స్త్రీలు, అలేఖుణ్ణి తమ దేవతగా తీసుకున్నారు. లిడియా గుజి అనే పండితురాలు దీన్ని వివరంగా రాసింది. అలేఖుణ్ణి పట్టుకున్న గురుమాయి మాంసం, సారా మానేస్తుంది, పూనకం మాత్రం మానదు. రూపంలేని దేవుడు ఆమె ఒంట్లో రూపం తెచ్చుకుంటాడు. జొరందా బాబాల ధర్మశాస్త్రానికి ఇది ఒదగదు. ఇందులో ఎవరిది అసలు మహిమా ధర్మం అన్నది చరిత్రకారుడు తేల్చవలసిన ప్రశ్న కాదు.

కోరాపుట్ ఊళ్ళలో తెలుగు, దేశియా రెండూ వచ్చిన విద్యార్థులకు ఇక్కడ పని మిగిలి ఉంది. అలేఖుడు ఈ కొండలకు ఏ దారిన వచ్చాడు, కలహండి వైపు నుంచా, సంతలకు వచ్చిపోయేవారి వెంటనా? గురుమాయి తన గురువు ఎవరని చెబుతుంది? భీమభోయి పేరు ఆమెకు తెలుసా? ఇదంతా ఒకప్పటి విశాఖపట్నం జిల్లాలోనిదే గనుక, మద్రాసులో దాచిన ఏజెన్సీ కాగితాలలో కుంభిపటియా అనే పేరు కోసం వెతకాలి. దొరకకపోతే అలేఖ్ అనే పేరు కోసమూ వెతకాలి. ఊళ్ళో అడిగేటప్పుడు మాత్రం ఈ రెండు పేర్లలో దేన్నీ ముందుగా మనం పలకకుండా, మిమ్మల్ని ఏమని పిలవాలి అమ్మా అని అడగటం మంచిది.